కంప్యూటర్ నుంచి దూరంలోని టీవీకి బొమ్మ, ధ్వని చేరవేత

కంప్యూటర్‌లో నడిచే బొమ్మనూ ధ్వనినీ పక్క గదిలోనో, పెద్ద హాలు అవతలి గోడకో ఉన్న టీవీకి చేర్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బొమ్మను ఏమాత్రం కుదించకుండా తీగలో పంపడం. రెండోది, కుదించి నెట్‌వర్క్ మీదుగా పంపడం. మొదటిదాన్ని దూరం దెబ్బతీస్తుంది, రెండోదాన్ని ఆలస్యం. దుకాణానికి వెళ్లే ముందు మన అవసరం ఈ రెండింటిలో దేన్ని ఓర్చుకోగలదో తేల్చుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

తీగ మీదుగా

ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 × 1080, అంటే 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు చొప్పున లెక్కవేస్తే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. 4కే బొమ్మకు దానికి నాలుగు రెట్లు. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ బొమ్మను మాత్రమే మోసేది, ధ్వనికి వేరే తీగ కావలసి వచ్చేది. సోనీ, ఫిలిప్స్, తోషిబా తదితర సంస్థలు కలిసి 2002లో విడుదల చేసిన హెచ్‌డీఎంఐ రెండింటినీ ఒకే కేబుల్‌లో పెట్టింది.

హెచ్‌డీఎంఐ ప్రమాణంలో కేబుల్ ఇంత పొడవే ఉండాలన్న నియమం లేదు. సంకేతం సరిగా చేరాలి, అంతే. మామూలు రాగి కేబుల్‌తో ఫుల్ హెచ్‌డీ సుమారు 10 మీటర్ల దాకా నిలుస్తుంది. 4కేకి 5 మీటర్లు దాటితే భరోసా ఉండదు. పొడవు ఎక్కువైన కేబుల్ ఎలా మొరాయిస్తుందో గమనించాలి. మొదట తెర మీద అక్కడక్కడ తెల్లటి చుక్కలు మెరుస్తాయి. తర్వాత బొమ్మ క్షణకాలం పోయి వస్తుంది. చివరికి ‘నో సిగ్నల్’ అని పడుతుంది. టీవీ పాడైందని చాలామంది అనుకునేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌ను టీవీ పక్కకు తెచ్చి పొట్టి కేబుల్‌తో కలిపి చూస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది. సినిమాలు ఎక్కువగా సెకనుకు 24 బొమ్మల చొప్పున తీసినవే కాబట్టి, డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌ను 24కి తగ్గిస్తే ఒక్కోసారి అదే కేబుల్ మీద 4కే నిలబడుతుంది.

ఇంకా దూరమైతే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ మేలు. ఇందులో సంకేతం కాంతిగా మారి గాజు పోగులో ప్రయాణిస్తుంది. అయితే దీనికి దిశ ఉంటుంది: ‘సోర్స్’ అని రాసిన కొన కంప్యూటర్‌కు, ‘డిస్‌ప్లే’ అని రాసినది టీవీకి. తిరగేసి పెడితే బొమ్మ రాదు. గోడలోని పైపులోంచి లాగేటప్పుడు ఇది చూసుకోకపోతే మళ్లీ మొత్తం బయటికి లాగాల్సిందే.

ఎల్‌జీ, శామ్‌సంగ్, సోనీ పిక్చర్స్, వాలెన్స్ సంస్థలు 2010లో ఏర్పరచిన కూటమి నుంచి వచ్చిన హెచ్‌డీబేస్‌టీ మామూలు లాన్ కేబుల్‌నే వాడుకుని 100 మీటర్ల దాకా బొమ్మను తీసుకెళుతుంది. సమావేశ మందిరాలకు ఇదే సరైనది. కానీ అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక తీగ దీనికి పనికిరాదు. తీగ లోపల అంతా రాగే ఉండాలి.

నెట్‌వర్క్ మీదుగా

2012లో వచ్చిన మిరాకాస్ట్ రూటర్ అవసరం లేకుండానే తెరను వైఫైలో పంపుతుంది. విండోస్‌లో విండోస్ మీట, కె కలిపి నొక్కితే దగ్గరలోని టీవీల పేర్లు కనిపిస్తాయి. తెరను అప్పటికప్పుడు కుదించి, అవతల మళ్లీ విప్పాలి కనుక మౌస్ కదిపిన కాసేపటికి గానీ టీవీలో బాణం కదలదు. సినిమాకు ఇబ్బంది లేదు, ఆటలకు మాత్రం విసుగే. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే గానీ గోడలు అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది.

అసలు తెర మొత్తం పంపాలా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. 2013లో వచ్చిన క్రోమ్‌కాస్ట్‌కు యూట్యూబ్ వీడియోను పంపినప్పుడు కంప్యూటర్ ఇచ్చేది చిరునామా మాత్రమే. వీడియోను ఆ పరికరమే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కంప్యూటర్ ఆపేసినా బొమ్మ ఆగదు. డీఎల్‌ఎన్‌ఏ పద్ధతిలో కంప్యూటర్‌లోని ఫైలునే టీవీ తీసుకుని తానే విప్పుకుంటుంది. అప్పటికే కుదించి ఉన్న ఫైలు కనుక సెకనుకు కొన్ని మెగాబిట్లు చాలు. ఇంట్లో సినిమా చూడటానికి ఇంతకంటే మంచి దారి లేదు. టీవీకి లాన్ కేబుల్ కూడా తగిలిస్తే వైఫై బెడద ఉండదు.

ధ్వని

బొమ్మ టీవీలో, మాట ల్యాప్‌టాప్‌లో వినిపిస్తుంటే కేబుల్‌ను అనుమానించనక్కర్లేదు. విండోస్‌లో స్పీకర్ గుర్తును నొక్కి టీవీ పేరు ఎంచుకుంటే సరిపోతుంది. బొమ్మా ధ్వనీ ఒకే దారిలో వెళితే సాధారణంగా జత తప్పవు. బొమ్మను హెచ్‌డీఎంఐలో, ధ్వనిని బ్లూటూత్ స్పీకర్‌కు పంపితే పెదవి కదిలిన తర్వాత మాట వస్తుంది. విండోస్ కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ వాడేవారు జె మీటతో ధ్వనిని ముందుకు, కె మీటతో వెనక్కు కొంచెం కొంచెంగా జరిపి ఈ తేడాను సరిచేసుకోవచ్చు.