వ్యాధిగ్రస్తుల అభ్యంగనం

జబ్బు ముదిరి గానీ, ముసలితనంతో బాగా నీరసించి గానీ ప్రాణానికి ముప్పు మొదలైన విశ్వాసికి కథోలిక గురువు పరిశుద్ధ తైలం పూసి ప్రార్థించే దివ్యసంస్కారం ఇది. తిరుసభలోని ఏడు దివ్యసంస్కారాల్లో ఒకటి. పెద్దవాళ్లు ఇప్పటికీ ‘అవస్థ అభ్యంగనం’ అనే అంటారు. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు ప్రభువు పేరిట నూనె రాసి ప్రార్థించాలని చెప్పే యాకోబు లేఖ 5:14-15 దీనికి ఆధారం.

ఈ తైలాన్ని ఆశీర్వదించేది పీఠాధిపతి. పవిత్ర వారంలో గురువులందరితో కలిసి ప్రధానాలయంలో జరిపే తైలాల పూజలో దీన్ని సిద్ధం చేసి, విచారణలన్నిటికీ (పారిష్‌లకు) పంచడం ఆనవాయితీ. హైదరాబాదు అగ్రపీఠానికి ఆ ప్రధానాలయం ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీలో ఉన్న పునీత జోజప్ప దేవాలయం. సాధారణంగా వాడేది ఆలివ్ నూనె. అది దొరకని చోట మరే మొక్కనుంచి తీసిన నూనె అయినా చెల్లుతుందని 1972లో ఆరో పౌలు పోపు అనుమతించారు.

గురువు జేబులో పట్టే చిన్న లోహపు డబ్బీలో, తైలంలో తడిసిన దూది ఉంటుంది. ఆయన ముందు మౌనంగా రోగి తలపై చేతులుంచుతారు. తర్వాత బొటనవేలితో నుదుటి మీద, రెండు చేతుల మీద తైలం పూస్తూ ప్రార్థన పలుకుతారు. చేతులకు సూదులు, కట్లు ఉంటే నుదురొక్కటే చాలు. పూర్వం కళ్లు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులు, కాళ్లు అన్నిటికీ పూసేవారు.

కథోలికుల ఇళ్లలో ఈనాటికీ వదలని భయం ఒకటుంది: గురువు తైలం తెచ్చారంటే ఇక ఆశ లేదని. శతాబ్దాలపాటు దీన్ని చివరి ఘడియ దాకా వాయిదా వేస్తూ వచ్చినందువల్ల పాతుకుపోయిన భయమది. ఇది చావు అంచున ఉన్నవారికి మాత్రమే కాదని రెండో వాటికన్ మహాసభ 1963లో స్పష్టం చేసింది. పెద్ద ఆపరేషనుకు ముందు తీసుకోవచ్చు. కోలుకున్నాక మళ్లీ జబ్బు పడినా, అదే జబ్బు ముదిరినా మళ్లీ పొందవచ్చు. మరణించేవారికి చివరి సంస్కారం నిజానికి దివ్యసత్ప్రసాదం. చనిపోయినవారికి అభ్యంగనం ఇవ్వరు. ప్రాణం ఉందో లేదో అనుమానమైతే ఇస్తారు.

ఈ సంస్కారం అవసరమయ్యే రోగులుండే చోట్లు చూస్తే, హైదరాబాదు నాంపల్లి స్టేషనుకు అవతల రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నీలోఫర్ పిల్లల ఆస్పత్రి ఉన్నాయి. జిల్లాలనుంచి రోగులు వచ్చి చేరే చోట్లు ఇవి. నీలోఫర్ లాంటి చోట ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అభ్యంగనం బుద్ధి తెలిసిన పిల్లలకే. ప్రాణాపాయంలో ఉన్న పసికందుకు కావలసింది జ్ఞానస్నానం, గురువు అందకపోతే దాన్ని ఎవరైనా ఇవ్వవచ్చు. అభ్యంగనం మాత్రం గురువో పీఠాధిపతో ఇవ్వాలి, డీకన్లకు అధికారం లేదు.

సొంత ఊరి విచారణ గురువే రావాలన్న నియమం లేదు. అవసరమైతే ఏ కథోలిక గురువైనా ఇవ్వవచ్చు. కాబట్టి రోగి స్పృహలో ఉండి, తానూ ప్రార్థనలో గొంతు కలపగలిగినప్పుడే దగ్గరి గుడికి కబురు పెట్టాలి.