గోదావరి ఆనకట్ట: దొరమాట, కూలిమాట



నేడు నేను చెప్పబోవునది రాజుల యుద్ధగాథ గాదు. ఒక పని జరిగిన తీరు. పని చేయించువానికిని, చేయువానికిని నడుమ మాట యెట్లు నడువవలెనో ధవళేశ్వరపు ఆనకట్ట చరిత్రమువలన కొంత తెలియగలదు.

మన పల్లెలలో పెద్దయెదుట చిన్నవాడు పలుకు మాట “చిత్తము.” అది వినయమే. కాని దానికి “తెలిసినది” అని యర్థమో, “ఏమియు తెలియలేదు, నన్ను పోనిండు” అని యర్థమో చెప్పుట కష్టము. ముప్పదియేండ్లు బడిపంతులనై యుండి ఆ మాటను వేలసారులు వింటిని. పాఠము బొత్తిగా రానివాడే దానిని ముందుగా పలుకుచుండెడివాడు. కుంపణీవారి దొరతనమున ఈ చిక్కు మరింత పెరిగినది. దొర తన భాషలో చెప్పును. నడుమవాడు దానిని తెలుగు చేయును. మేస్త్రి తనకు తోచినంత కూలివానికి వినిపించును. పైనుండి ఆజ్ఞ దిగుటకు ఇన్ని మెట్లున్నవి. క్రిందినుండి పైకి పోవునది మాత్రము చిత్తమొక్కటే.

ఆనకట్టకు పూర్వము గోదావరీమండలము మిక్కిలి దీనస్థితిలో నుండెను. నది నిండుగా పారుచుండగనే పొలములు బీడువడెను. 1833 ప్రాంతమున వచ్చిన కరవును మన పెద్దలు చాలకాలము తలచుకొనిరి. 1821లో సుమారు 7,38,000గా నున్న రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు దిగజారెను. ఇట్టి సమయమున ఆర్థర్ కాటన్ దొర ఇచ్చటికి వచ్చి, నదికి అడ్డుకట్ట వేయవచ్చునని ప్రభుత్వమునకు నివేదించెను. 1847లో పని ఆరంభమయ్యెను.

ఈ దొర అంతకుముందు తంజావూరు సీమలో పనిచేసెను. అచ్చట కావేరిమీద చోళరాజుల కాలమునాటి కల్లణై యున్నది. అడుగు తెలియని యిసుకలో అంత బరువు రాతికట్ట యెట్లు నిలిచినదని ఆయన పరిశీలించెను. లోతెరుగని వదులు యిసుకమీద పునాది నిలుపు విద్యను తాము ఈ దేశీయులవద్దనే నేర్చుకొంటిమని తరువాతికాలమున తానే వ్రాసికొనెను. పాలించుజాతివాడు పాలితులను గురువులని యొప్పుకొనుట ఆ దినములలో అరుదు. చెప్పుట యెరిగిన అధికారులు పెక్కండ్రు. చెప్పించుకొనుట యెరిగినవారు బహు కొద్దిమంది.

ఇక పని యెట్టిదో వినుడు. ధవళేశ్వరమువద్ద లంకలతో గూడ నదివెడల్పు సుమారు 4 మైళ్లు. కావున కట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిరి. కట్టడము మాత్రమే 2 మైళ్లకు పైబడును. ఎత్తు 12 అడుగులు. యిసుకలో నూతులు దింపి వానిమీద గోడ లేపవలెను. ధవళేశ్వరపు కొండనుండి రాయి రావలెను. సున్నము వేళకు అందవలెను. ఇదంతయు వరద తీసిన పిమ్మట మరల వరద వచ్చులోపలనే జరుగవలెను. ఒకచోట మాట తప్పుగా వినబడెనా, సగము లేచిన గోడను జ్యేష్ఠాషాఢములలో నది కొట్టుకొనిపోవును. గోదావరికి “చిత్తము” అను మాట తెలియదు గదా!

పనికి వేలకొలది జనము చేరిరి. దొర అడిగినంతమంది ఇంజనీర్లను పైవారీయలేదు. అప్పుడు నడుమ నిలిచినవాడు వీణెం వీరన్నగారు. ఆయన కొలతలెరిగిన ఉద్యోగి. కూలిజనమును సమకూర్చినవాడును ఆయనయే. ఆయన స్థానమును మనము సరిగా గ్రహింపవలెను. దొర పటములో గీచిన గీతను రాయి మోయువానికి తెలియునట్లు చెప్పవలెను. రాయి మోయువాని కష్టమును, కూలి అందని గోడును, దొర చెవిని బడునట్లు చెప్పవలెను. దొర మెప్పుకొరకు రెండవదానిని మ్రింగివేయు నడుమవారిని మన కచ్చేరీలలో మీరందరు చూచియే యుందురు. అట్టివాడు కూర్చినచోట జనము నాలుగునాళ్లు నిలువరు. ఇచ్చట అయిదేండ్లు పని సాగినది.

1848లో కాటన్ దొర ఆరోగ్యము చెడి సెలవుమీద ఆస్ట్రేలియా వైపునకు పోయెను. కెప్టెన్ ఓర్ దొర భారము వహించెను. యజమానుడు పోగానే ఎన్నియో పనులు కుంటువడుట మనమెరుగుదుము. ఒక్కని బుఱ్ఱలోనే యున్న పనికి ఆ గతి తప్పదు. ధవళేశ్వరమున అట్లు గాలేదు. 1850లో కాటన్ తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఏమి చేయవలెనో, ఏల చేయవలెనో పలువురికి తెలిసియుండుటయే దీనికి కారణమని నా తలపు.

అంతయు మంచియే యని నే ననను. దొరల నివేదికలు అచ్చయినవి. ఎండలో సున్నము కలిపినవారి మాట అచ్చునకెక్కలేదు. మట్టిపనికి ఉప్పరులును, రాతిపనికి వడ్డెరలును ఈ దేశమున తరతరములుగా పేరొందినవారు. అట్టి పనివారి పేర్లను ఏ శిలమీదను చెక్కరైరి.

వీరన్నగారికి రాయబహదూరు బిరుదమును, ఇనామును లభించినవి. ఆయన 1867లో కాలధర్మము నొందెను. ఆ ప్రాత ఆనకట్ట స్థానమును తరువాత కాటన్ పేరిటి బారేజి ఆక్రమించినది. పుష్కరస్నానమునకు పోవువారు ధవళేశ్వరమున దొర విగ్రహమును చూచి మరలుచుందురు. వీరన్నగారి పేరుగల శిలాఫలకమునుగూర్చి కూడ అచ్చటివారిని అడిగి చూడుడు.