మాత్ర నుండి వాగునకు

మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు బాటకు ఒక ప్రక్క మూసీపై ఉస్మాన్‌సాగరు, వేరొక ప్రక్క ఈసీపై హిమాయత్‌సాగరు ఉన్నవి. 1908 నాటి మూసీ వరద పిమ్మట నగరరక్షణకై కట్టిన జలాశయములివి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తియైనవి. వీనికి పది కిలోమీటర్ల లోపల కాలుష్యకారక పరిశ్రమలు కూడదని 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువు వెలువరించినది. ఈ రెండు ఊళ్ల పరిసర పల్లెలతో కలిపి 84 గ్రామములు దాని క్రిందికి వచ్చినవి.

ఆ ఉత్తరువు విలువ తెలియవలెనన్న మనము పటాన్‌చెరునకు పోవలెను. దానికి ముందు ఒక మందు కథ వినవలెను.

మలేరియాకు వాడు క్లోరోక్విన్ తయారీలో ఉపఫలముగా దొరికిన పదార్థము వెంట పోయి, అమెరికాలో జార్జి లెషర్ బృందము 1962లో నాలిడిక్సిక్ ఆమ్లమును ప్రకటించినది. (మలేరియా మర్మము 1897లో రోనాల్డ్ రాస్‌కు మన సికింద్రాబాదులోనే చిక్కినది, ఈ చుట్టరికము మాకు వింతగా తోచును.) ఆ అణువునకు ఫ్లోరిన్ చేర్చగా బలము హెచ్చినది. ఫ్లోరోక్వినోలోన్లను పేరు అందువలననే వచ్చినది. వానిలో పేరుమోసిన సిప్రోఫ్లాక్సాసిన్ 1987లో అమెరికాలో అనుమతి పొందినది. బాక్టీరియా తన డి.ఎన్.ఏ. పోగు చిక్కు విడదీసికొనుటకు గైరేజ్ అను ఎంజైముతో దానిని తెంపి మరల అతుకును. ఈ మందు తెగిన దశలోనే ఎంజైమును పట్టి నిలుపును. అతుకు పడక క్రిమి చచ్చును. టైఫాయిడు రోగులకు ఇది గొప్ప ఊరట అయినది. కాని 1990 తరువాత మన దేశమున టైఫాయిడు క్రిమియే దీనికి లొంగుట తగ్గినది.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించిరి. దాదాపు తొంబది మందుల కర్మాగారముల మురికినీటిని శుద్ధిచేయు పటాన్‌చెరు కేంద్రము నుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కలదట! మందు మ్రింగిన రోగి రక్తములో సాధారణముగా ఇంత ఉండదు. ఆ దినములలో ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీర వైపు పారెడిది. అట్టి నీటిలో మందును తట్టుకొనగల క్రిములే మిగులును. పైగా ఆ గుణమును ఇతర జాతులకును పంచిపెట్టును.

వాగు సంగతి అటుండగా ఇంటిలో మనము చేయునదియు తక్కువ కాదు. జలుబు వైరసుల వలన వచ్చునది. దానికి ఈ మాత్ర నిరర్థకము. అయినను చీటీ లేకయే కొనువారున్నారు. పాలతోగాని, ఆమ్లహరముల తోడగాని, ఇనుము మాత్రలతోగాని మ్రింగినచో ఇది వానితో ముడిపడి ఒంటికి సరిగా పట్టదు. మడమ వెనుక స్నాయువు తెగు ప్రమాదమును గూర్చి 2008లోను, బృహద్ధమని చీలికను గూర్చి 2018లోను అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. వృద్ధులు, స్టిరాయిడ్లు వాడువారు మరింత జాగ్రత్త పడవలెను. ఎడతెగని దగ్గునకు వైద్యుని చూపించుకొనక దీనిని వాడినచో లోపలి క్షయ కొంత అణగి, నిర్ధారణ ఆలస్యమగును.

2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తరువు, 111లోని ఆంక్షలను తొలగించినది. రెండు జలాశయముల నీటి నాణ్యత చెడరాదను షరతు మాత్రము పెట్టినది. ఆ షరతు నెరవేరుచున్నదో లేదో చూచువారు నీటిలో మురికిని, ఉప్పును మాత్రమే గాక ఈ మందుల జాడను కూడ పరీక్షింపవలెనని మా అభిప్రాయము.