కనీస వేతన పెంపు వివాదం (భారతదేశం)

పని చేయించుకున్నవారు పని చేసినవారికి ఇంతకు తగ్గకుండా చెల్లించాలని చట్టం గీసే గీత కనీస వేతనం. భారతదేశంలో ఆ గీతను కనీస వేతనాల చట్టం, 1948 గీసింది. దాన్ని ఎంత పైకి జరపాలన్న వాదన చట్టం కన్నా పాతది, ఇంకా తెగనిది. కార్మిక సంఘాలు ఇంటి ఖర్చు చూపిస్తాయి, యజమానులు పరిశ్రమ తాహతు చూపిస్తారు, ప్రభుత్వాలు ఈ రెంటి నడుమ ఒక అంకె వేస్తాయి. ఆ అంకెలో ఎంతమంది తిండి, ఎన్ని గజాల బట్ట, పిల్లల చదువు చేరాయా లేదా అన్నదే ప్రతిసారీ పేచీకి మూలం.

పూర్వరంగం

న్యూజిలాండ్ 1894లో, ఆస్ట్రేలియాలోని విక్టోరియా 1896లో, బ్రిటన్ 1909లో వేతనాలు నిర్ణయించే చట్టాలు తెచ్చాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1928లో 26వ ఒడంబడికతో దీన్ని ప్రపంచ విషయం చేసింది. భారత్ దాన్ని 1955లో ఆమోదించింది.

వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న బి.ఆర్. అంబేడ్కర్ 1946 ఏప్రిల్ 11న కేంద్ర శాసనసభలో కనీస వేతనాల బిల్లు ప్రవేశపెట్టారు. అది స్వాతంత్ర్యం వచ్చాక జగ్జీవన్ రామ్ కార్మిక మంత్రిగా ఉండగా చట్టమై, 1948 మార్చి 15న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఏర్పడిన న్యాయమైన వేతనాల కమిటీ మూడు మెట్లు చూపింది: అడుగున కనీస వేతనం, మధ్యలో న్యాయమైన వేతనం, పైన జీవన వేతనం. పై మెట్టును రాజ్యాంగం 43వ అధికరణంలో ఆశయంగా పెట్టుకుంది.

చట్టం నడిచిన తీరు

చట్టం అందరికీ వర్తించలేదు. షెడ్యూల్‌లో ఉన్న పనులకే రేటు. మొదటి భాగంలో బియ్యం, పిండి, పప్పు మిల్లులు, బీడీలతో సహా పొగాకు పని, రోడ్లు, భవనాల నిర్మాణం, రాళ్లు కొట్టడం, తోళ్ల పరిశ్రమ వంటివి ఉండేవి. రెండో భాగం వ్యవసాయానిది. రాష్ట్రం మొత్తంలో వెయ్యిమంది కూడా లేని పనికి రేటు నిర్ణయించకుండా వదిలేయవచ్చు. ప్రభుత్వం కమిటీ వేసి సలహా తీసుకోవచ్చు, లేదా ముసాయిదా ప్రకటించి రెండు నెలలు అభ్యంతరాలు వినవచ్చు. అయిదేళ్లకు మించకుండా రేట్లు సవరించాలి. సవరణకూ సవరణకూ మధ్య ధరలు పెరిగితే పూడ్చడానికి తర్వాతి కాలంలో వీడీఏ, అంటే ధరల సూచీతో పాటు మారే కరువు భత్యం వచ్చింది.

రోజుకూలికే కాకుండా ముక్కపనికి కూడా రేటు ఉంటుంది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఇంటి పట్టున బీడీలు చుట్టే ఆడవాళ్లకు వెయ్యి బీడీల లెక్కన కూలి. తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కట్టలు కార్ఖానాకు తీసుకెళ్లి అప్పజెప్పాలి. బాగా లేవని పక్కన పడేసిన బీడీలకు డబ్బు రాదు. ఇచ్చిన ఆకు చాలక సొంత డబ్బుతో కొన్నా అది రేటులో కనపడదు. ప్రభుత్వ ఉత్తర్వు (జీఓ)లో రేటు పెరిగినా ఇంటికొచ్చే కూలి అంత పెరగకపోవడానికి ఇదో కారణం.

1957 లెక్క

ఎంత ఇస్తే కనీసం అవుతుందో 1948 చట్టం చెప్పలేదు. ఆ ఖాళీని 1957 జులైలో జరిగిన 15వ భారత కార్మిక సమావేశం పూరించింది. సంపాదించే మనిషికి ఒకటి, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు చెరి 0.6 చొప్పున కుటుంబాన్ని మూడు యూనిట్లుగా కట్టింది. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, మనిషికి ఏడాదికి 18 గజాల చొప్పున ఇంటికి 72 గజాల బట్ట, ప్రభుత్వ పారిశ్రామిక గృహాల స్థాయి అద్దె, వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తంలో 20 శాతం. భార్యాపిల్లల సంపాదనను లెక్కలోకి తీసుకోకూడదంది.

ఆ కేలరీల లెక్క పోషకాహార శాస్త్రవేత్త వాలెస్ ఐక్రాయిడ్‌ది. ఆయన 1935 నుంచి 1945 దాకా కూనూరులోని పోషకాహార పరిశోధనాలయానికి డైరెక్టర్. ఆ సంస్థే 1958లో హైదరాబాద్ వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

కోర్టుల తీర్పులు

గిట్టుబాటు కాదన్న యజమానుల వాదన తొందరగానే కోర్టుకెక్కింది. బిజయ్ కాటన్ మిల్స్ కేసులో 1954లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. క్రౌన్ అల్యూమినియం కేసులో కనీస కూలి ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కు లేదంది.

ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనులపై 1982లో వచ్చిన తీర్పు మరో అడుగు వేసింది. రోజుకు రూ. 9.25 ఇవ్వాల్సిన చోట జమాదారులు తలకు ఒక్కో రూపాయి కమీషన్‌గా పట్టుకుని రూ. 8.25 చేతిలో పెట్టేవారు. జమాదారు అంటే పాలమూరు వలస కూలీలకు తెలిసిన గుంపు మేస్త్రీ లాంటివాడు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం తేల్చింది. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు చెప్పింది.

దేశమంతటికీ ఒకే అడుగు గీత

కేంద్రం 1996లో రోజుకు రూ. 35 జాతీయ కనీస స్థాయిగా ప్రకటించింది. అది 2009లో రూ. 100, 2015లో రూ. 160, 2017లో రూ. 176 అయింది. దీనికి అప్పట్లో చట్టబలం లేదు. రాష్ట్రాలు పాటిస్తే పాటించినట్లు.

ఏడో వేతన సంఘం 1957 లెక్కనే పట్టుకుని కేంద్ర ఉద్యోగి కనీస మూలవేతనం 2016 జనవరి నుంచి నెలకు రూ. 18,000 చేయాలని సిఫారసు చేసింది. అప్పుడు జాతీయ స్థాయి ప్రకారం 26 రోజులకు కూలీకి వచ్చేది రూ. 4,160. కార్మిక సంఘాలు ఆ రూ. 18,000నే అందరికీ అడుగుతూ 2016 సెప్టెంబర్ 2న దేశవ్యాప్త సమ్మె చేశాయి.

కేంద్రం వేసిన అనూప్ సత్పథి కమిటీ 2019లో కేలరీలను 2,400కు తగ్గించి, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు చేర్చింది. కుటుంబాన్ని 3.6 యూనిట్లుగా లెక్కగట్టి, 2018 జులై ధరల్లో రోజుకు రూ. 375 సూచించింది. 2019 జులైలో కేంద్రం ప్రకటించిన జాతీయ స్థాయి మాత్రం రూ. 178.

ఉపాధి హామీలో పేచీ

గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలుత అందులో కూలి రాష్ట్రాల వ్యవసాయ కనీస వేతనమే. 2009 జనవరి 1న కేంద్రం ఆ ముడి తెంపి సొంత రేటు పెట్టింది. వ్యవసాయ వృత్తిదారుల యూనియన్ పిటిషన్‌పై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జులైలో ఆ నోటిఫికేషన్ అమలును ఆపింది. 2011లో కర్ణాటక హైకోర్టు కూడా కనీస వేతనం ఇవ్వాల్సిందేనంది. ప్రభుత్వమే యజమాని అయినప్పుడు ప్రభుత్వమే పెట్టిన గీత దానికి వర్తిస్తుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఇరుపక్షాల వాదనలు

పెంపు వద్దనేవారు చిన్న యూనిట్లు మూతపడతాయని, పని పక్క రాష్ట్రానికి పోతుందని, మనుషుల బదులు యంత్రాలు వస్తాయని అంటారు. కావాలనేవారు కూలి పెరిగితే ఊళ్లో కొనుగోలు పెరుగుతుందని, బేరమాడే శక్తి లేనివారికి చట్టమే దిక్కని అంటారు. అమెరికాలో 1992లో న్యూజెర్సీ కనీస వేతనం 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచినప్పుడు, ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో ఉద్యోగాలు తగ్గలేదని డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో చూపారు. దానిపై చర్చ ఆగలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

భారత్‌లో పెంపుతో పాటు అమలూ వివాదమే. 2018-19 ఆర్థిక సర్వే లెక్కన నైపుణ్యం లేని పనులకే దేశంలో అప్పట్లో 1,915 రేట్లుండేవి, కూలీల్లో ముగ్గురిలో ఒకరికి ఏ రేటూ వర్తించలేదు.

వేతనాల కోడ్

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 1948 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. షెడ్యూల్ పోయి ఉద్యోగులందరికీ కనీస వేతన హక్కు వచ్చింది. కేంద్రం ప్రకటించే కనీస స్థాయికి దిగువన ఏ రాష్ట్రమూ రేటు పెట్టకూడదు. సత్పథి కమిటీ 2,400 కేలరీలు చెప్పినా, 2020 జులై నాటి ముసాయిదా నియమాలు ఐక్రాయిడ్ నాటి 2,700కే కట్టుబడి, బట్టను గజాల నుంచి ఇంటికి 66 మీటర్లకు మార్చాయి.