మైకు మూగబోయిన పట్టాల సభ
(మన ఊళ్ళలో ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ చరిత్ర)

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్యాసం రాయమని సంఘం వారు కోరారు. పిల్లలమర్రి గుళ్ళ గురించి, శాసనాల గురించి నాకన్నా బాగా తెలిసినవారు మన పెన్షనరు సోదరుల్లో చాలామంది ఉన్నారు. నేను రాయగలిగింది చేతులు కాల్చుకుని నేర్చుకున్న చరిత్ర ఒక్కటే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో మైకు సెట్టు వాల్వుల నుండి ట్రాన్సిస్టర్లకు మారిన రోజుల సంగతి అది. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని దాచి రాస్తే చరిత్ర కాదు గదా!

1972లో మిర్యాలగూడ తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. అప్పటి మైకు సెట్టు మీకందరికీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇద్దరు మోసే ఇనుప పెట్టె, లోపల గాజు వాల్వులు. స్విచ్ వేసిన అర నిమిషానికి గాని అవి ఎర్రబడేవి కావు, గొంతు వచ్చేది కాదు. వాటికి రెండు మూడు వందల వోల్టులు కావాలి. పట్నంలో కరెంటు ఉన్నా, రైసు మిల్లులన్నీ ఆడే సీజనులో వోల్టేజి పడిపోయి గొంతు పీలగా మారేది. కరెంటు లేని పల్లెకైతే జనరేటరును బండి మీద వేసుకుపోవాలి. దాని చప్పుడుకు సగం ఉపన్యాసం వినబడేది కాదు.

ట్రాన్సిస్టర్‌ను 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ లాబొరేటరీలో కనిపెట్టారు. బార్డీన్, బ్రాటన్, షాక్లీ అనే ముగ్గురికి 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1960 దశకంలో ట్రాన్సిస్టర్ల తయారీ మొదలుపెట్టారు. మొదట వచ్చిన జెర్మేనియం రకాలు చిన్న రేడియోలకు సరిపోయాయి గాని వేడికి తట్టుకునేవి కావు. మైకు సెట్టుకు ప్రాణం పోసింది సిలికాన్ రకం, అందులోనూ 2ఎన్3055 అనే నంబరు. అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీ 1960 దశకం మొదట్లో తెచ్చిన ఈ ట్రాన్సిస్టర్, రెండు చెవుల ఇనుప టోపీలా ఉండి, 15 ఆంపియర్ల వరకు మోయగలదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద పనిచేస్తుంది.

మరి బ్యాటరీ ఎక్కడిది? ఇక్కడే మన ప్రాంతపు కథ ఉంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పెరిగింది, దాని వెనుక ట్రాక్టరు వచ్చింది. కరెంటు స్తంభం ఇంకా రాని ఊళ్ళో కూడా ట్రాక్టరు బ్యాటరీ దొరికేది. మన పల్లెలకు మైకును తెచ్చింది కరెంటు కాదు, సాగర్ నీళ్ళే అని నా అభిప్రాయం. కాదనే సోదరులు వచ్చే సంచికలో రాయవచ్చు.

నాకు చిన్నప్పటి నుండి ఈ పిచ్చి ఉంది. 1975లో హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి, నెల జీతంలో పావు వంతు ఖర్చుపెట్టి సామాను తెచ్చాను. రెండు 2ఎన్3055లు, ముందు దశలకు చిన్న ట్రాన్సిస్టర్లు, డ్రైవరు ట్రాన్స్‌ఫార్మరు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, కండెన్సర్లు, రంగు చారల రెసిస్టెన్సులు. హైలం షీటుకు రంధ్రాలు వేసి, రాత్రుళ్ళు కూర్చుని అతికించాను. మా ఆవిడ సోల్డరింగ్ పొగకు దగ్గుతూ, “ఈ డబ్బుతో రెండు చీరలు వచ్చేవి” అనేది.

మొదటిసారి వేస్తే పాట బదులు డుగుడుగుమని పడవ ఇంజను శబ్దం వచ్చింది. పెద్ద ట్రాన్సిస్టర్లు కరెంటు లాగినప్పుడల్లా బ్యాటరీ వోల్టేజి ఊగి, ఆ ఊగుడు మళ్ళీ మొదటి దశలోకి పోవడమే కారణం. మొదటి దశకు వెళ్ళే వైరులో వంద ఓముల రెసిస్టెన్సు పెట్టి, అక్కడి నుండి నెగెటివుకు పెద్ద కండెన్సరు వేస్తే ఆగిపోయింది. తర్వాత ఇంకొక లోపం తేలింది. గట్టిగా పెడితే బాగానే ఉంది గాని, మెల్లగా పెడితే గొంతు గరగరలాడేది. రెండు ట్రాన్సిస్టర్లలో ఒకటి ధ్వని తరంగంలో పై సగాన్ని, రెండవది కింది సగాన్ని మోస్తాయి. బేసు మీద 0.6 వోల్టు దాకా రాకుండా ఏదీ మేల్కొనదు. ఒకటి పడుకుని ఇంకొకటి లేచే సందులో పడేదే ఆ గరగర. రెండింటికీ ముందే కాస్త వోల్టేజి ఇచ్చి మగతగా మెలకువలో ఉంచాలి. దాన్ని బయాస్ అంటారు. నేను రెండు రెసిస్టెన్సులతో బయాస్ పెంచుకుంటూ పోయాను. రాత్రి పదింటికి, చల్లటి గాలిలో, పాట తేనెలా వచ్చేదాకా పెంచాను. నా తప్పు అదే.

1976 మే నెల. ఇరవై సూత్రాల కార్యక్రమం కింద ఇళ్ళ స్థలాల పట్టాలు ఇస్తున్న రోజులు. డెప్యుటేషన్ మీద కోదాడ వైపు ఒక పల్లెకు పంపారు. కరెంటు లేదు. “నీ పెట్టె తీసుకురావయ్యా” అన్నారు పై అధికారి. ట్రాక్టరు బ్యాటరీ తగిలించి, వేపచెట్టుకు హారన్ కట్టాం. ఉదయం ఖంగుమని పలికింది. పేర్లు చదవడం నా వంతు. మధ్యాహ్నానికి నీడ జరిగి ఎండ పెట్టె మీద పడింది. గొంతు బొంగురుపోయింది. పెట్టె ముట్టుకుంటే చురుక్కుమంది. ఇంకో నాలుగు పేర్లకు కాలిన వాసన వచ్చి మూగబోయింది.

మిగతా పేర్లు నోటితోనే అరిచాం. సాయంత్రం లెక్క చూస్తే ఒక పట్టా మిగిలింది. ఎవరో ముసలమ్మది. పొద్దుటి నుండి చెరువుకట్ట దగ్గర చెట్టు కింద కూర్చుని, పేరు వినబడక, తనకు రాలేదనుకుని పొరుగూళ్ళో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయిందట.

మర్నాడు సైకిలు అద్దెకు తీసుకుని వెతుక్కుంటూ పోయి ఇచ్చాను. “నా పేరు పిలిచిండ్రా బిడ్డా? పిలువనే లేదనుకున్న” అంది. పిలిచామమ్మా అన్నాను. నిజానికి నాలుగైదు గజాల దూరానికి వినబడేటట్టు పిలిచాం. వేలిముద్ర వేయించుకుని వచ్చేశాను.

ఆ ఆదివారం పెట్టె పట్టుకుని సూర్యాపేట పోయాను. హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద లారీల రేడియోలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. బడికి పోయింది తక్కువ. కాలిన ట్రాన్సిస్టర్ మార్చి, బ్యాటరీ వైరులో మీటరు పెట్టాడు. పాట లేకుండా చూస్తే ముల్లు సున్నా దగ్గరే కొంచెం లేచి నిలిచింది. అప్పుడు వేడి సోల్డరింగ్ ఐరన్‌ను ట్రాన్సిస్టర్ టోపీకి ఆనించాడు. ముల్లు పాకుతూ పైకి పోయింది. ఐరన్ తీసేసినా ఆగలేదు! గబుక్కున తడిగుడ్డ వేస్తే దిగింది.

“చూసినవా సారూ, పాట మంచిగుంటే సాలదు. పెట్టెకు జరమొస్తే ఏంజేస్తదో సూడాలె” అన్నాడు.

తర్వాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. సిలికాన్ ట్రాన్సిస్టర్ ఒక్కొక్క డిగ్రీ వేడెక్కే కొద్దీ, మేల్కొనడానికి దానికి కావలసిన వోల్టేజి సుమారు రెండు మిల్లీవోల్టులు తగ్గుతుంది. బయాస్ మాత్రం అక్కడే ఉంటే కరెంటు పెరుగుతుంది. కరెంటు వల్ల వేడి, వేడి వల్ల మళ్ళీ కరెంటు. చివరికి కాలిపోతుంది. మేస్త్రీ చేసిన మందు రెండు రకాలు. బయాస్ ఇచ్చే కింది రెసిస్టెన్సు తీసేసి అక్కడ ఒక డయోడు వేసి, దాన్ని ట్రాన్సిస్టర్ పక్కనే అల్యూమినియం రేకుకు అంటించాడు. రేకు వేడెక్కితే డయోడూ వేడెక్కి బయాస్ తనంతట తానే తగ్గుతుంది. రెండవది, హీటరు కాయిలు తీగ ముక్కలు పావు ఓము చొప్పున కత్తిరించి రెండు ఎమిటర్లకూ కట్టాడు. రేకు కూడా రెట్టింపు చేశాడు. ట్రాన్సిస్టర్ కింద అభ్రకం పలక సరిగ్గా కూర్చోలేదని అదీ మార్చాడు. ఆ టోపీయే కలెక్టరు గనుక పలక లేకపోతే షార్టు, ఎత్తుపల్లంగా ఉంటే వేడి దిగదు. ధ్వని కొంచెం తగ్గింది. డబ్బులు తీసుకోమంటే చాయ్ తాగిద్దామన్నాడు.

ఆ తర్వాత నేను ఏ సెట్టు చేసినా మిట్టమధ్యాహ్నం డాబా మీద రెండు గంటలు ఆడించి చూశాకే ఇచ్చేవాడిని. 1983 ఎన్నికల నాటికి మూడు పట్నాల్లోనూ బ్యాటరీ మైకులే. తర్వాత టీబీఏ 810 అనే ఐసీ వచ్చి కుర్రవాళ్ళకు సగం పని తప్పించింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక నేను కోదాడ ఎం.ఆర్.ఓ. ఆఫీసుకు మారాను. అప్పటికి అద్దె షాపుల్లో రెడీమేడ్ సెట్లు నిండిపోయాయి. నా పెట్టెను అడిగేవారు లేరు.

2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా అయినప్పుడు, ఇంట్లో మనవలకు చూపిద్దామని దాన్ని అటక మీద నుండి దింపాను. పాత డుగుడుగు శబ్దం మళ్ళీ వచ్చింది. కండెన్సరు ఎండిపోయింది. కొత్తది వేశాక పలికింది. రెండు 2ఎన్3055లూ మేస్త్రీ ఉంచినవే. మనవడు మైకు పట్టుకుని ఇంట్లో వాళ్ళ పేర్లన్నీ వరుసగా చదివాడు. ఒక్కొక్క పేరు రెండుసార్లు చదవమన్నాను.