నూరు ఆమడల నడక

సీతమ్మధార వీధుల్లో తెల్లవారకముందే నడిచే పెద్దలలో చాలామందికి ఆ నడక డాక్టరుగారి మందుల చీటీతో వచ్చినదే. షుగరుకు నడకను మందుగా చెప్పడం మాత్రం కొత్త మాట కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహ రోగులకిచ్చిన సలహా చూడండి. డబ్బు, బంధువులు లేనివాడు చెప్పులు, గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికి ఒక్క రాత్రి మాత్రం బస చేస్తూ, మునిలాగా నూరు యోజనాలో ఇంకా ఎక్కువో నడవాలట. యోజనానికి మన తెలుగు మాట ఆమడ. మహాధనవంతుడైతే శ్యామాకం వంటి చిరుధాన్యం, ఉసిరికాయలు తినాలి. మిగిలినవారు పొలం దున్నాలి, లేదా నుయ్యి తవ్వాలి!

ఇది చదివితే నవ్వొస్తుంది గాని, ఆ వెంటనే ఉన్న మాట గమనించదగ్గది. బక్కచిక్కిన రోగిని మాత్రం ఇలా శ్రమపెట్టక కాపాడుకోవాలన్నారు. పుట్టుకతో వచ్చేది, తిండి తప్పుల వల్ల వచ్చేది అని జబ్బును రెండుగా విడదీసినవారు వారే.

ఆ బక్కచిక్కిన రోగులను, ముఖ్యంగా పిల్లలను, నిజంగా కాపాడే మందు 1922 దాకా రాలేదు. అంతవరకు అమెరికాలో పేరుపడ్డ వైద్యం పస్తు పెట్టడమే. ఆ ఏడు జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి మొదటి ఇన్సులిన్ ఇచ్చారు. అతడు మరో 13 ఏళ్ళు బతికాడు.

బోస్టన్‌లోని డాక్టర్ ఇలియట్ జోస్లిన్ అంతకు ముందే, 1918లో, వైద్యుడూ రోగీ ఇద్దరూ చదువుకోవడానికి ఒకే పుస్తకం రాశాడు. నా దృష్టిలో ఇన్సులిన్ తరువాత చెప్పుకోవలసిన మలుపు ఇదే. రోగి తన కంచాన్ని తానే కొలుచుకోవాలి, తన పాదాలను తానే చూసుకోవాలి. రోజులో డాక్టరు మన పక్కన ఉండేది ఎంతసేపు?

మనవంటి ఉద్యోగుల మీద జరిగిన పరిశోధన ఒకటి చెన్నైది. డాక్టర్ రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో 39 మందికి వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారి లెక్కా ఇంచుమించు అంతే. నడక మాత్రకు తీసిపోలేదన్నమాట.

ఇక మన కంచం సంగతి. ఉత్తరాంధ్ర పల్లెల్లో తాతలు చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళేవారు. 1933లో రేవు తెరుచుకుంది. 1941లో ఓడల కర్మాగారానికి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పల్లె వదిలి వచ్చినవారికి నెల జీతం, దానితో మూడుపూటలా తెల్లన్నం దొరికాయి. గంజికి వెతుక్కున్న ఇళ్ళలో తెల్లన్నం ఒక గౌరవం. దాన్ని తప్పుపట్టడం నాకిష్టం లేదు. అయితే ఉద్యోగ విరమణతో కదలిక తగ్గింది, కంచం తగ్గలేదు. చోడి మంచిదని పలుచని జావ కాచి గ్లాసుల కొద్దీ తాగినా ప్రయోజనం లేదు. అన్నం సగం చేసి, ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర పెట్టుకోవడం మేలు. మన రైతు బజారులో ఆకుకూరలకు కొదవేమీ లేదు.

సుశ్రుతుడి సలహాలో ఇప్పుడు వదిలేయవలసినది ఆ చెప్పుల్లేని షరతు. ఏటా ఆషాఢ పున్నమికి ముందురోజు మొదలయ్యే సింహాచలం గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. ఆ దారి మన సీతమ్మధార మీదుగానే పోతుంది. చాలామంది వట్టికాళ్ళతో నడుస్తారు. షుగరు వల్ల నరాలు మొద్దుబారిన పాదానికి గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. పుండు పడి, చీము పట్టి, చివరకు వేలో కాలో తీసేయవలసి వస్తుంది. మొక్కు ఉన్న సభ్యులు ముందుగా పాదాలకు స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గిందంటే నూలు మేజోళ్ళు, మెత్తని బూట్లు వేసుకునే నడవాలి. అప్పన్న స్వామి తప్పుగా ఎంచడు. ఇంటికి రాగానే అరికాళ్ళు, వేళ్ళ సందులు అద్దం పెట్టి చూసుకోవాలి. చూపు ఆనకపోతే ఇంట్లోవారి చేత చూపించుకోవాలి. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడేవారు తిండి తప్పి నడిస్తే చెమటలు పట్టి తూలిపోతారు. అందుకని జేబులో మూడు నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోవాలి. పక్కన నడిచేవారికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి.