మైకు లేని సభలో మాట ప్రయాణం

ఆళ్లగడ్డ పరిసర గ్రామాల్లో అహోబిల నరసింహస్వామి పారువేట సాగేటప్పుడు ఒకరు ‘గోవిందా’ అంటే జనమంతా అందుకుంటారు. తెలిసిన మాట కాబట్టి చెడదు. కొత్త మాట అలా కాదు. 1921-22 నాటి పెదనందిపాడు పన్నుల నిరాకరణోద్యమాన్నే తీసుకోండి. తెలుగులో వ్యతిరేకార్థం క్రియ చివర వస్తుంది; ‘పన్ను కట్టవద్దు’ అన్నదానిలో తోక తెగితే వెనుక వరుసవారికి అర్థమే తారుమారు! కనుక పొట్టి వాక్యం చెప్పి ఆగాలి, ముందువారు దాన్ని వెనక్కి అందించాలి. 2011లో న్యూయార్క్ జుకోటి పార్కులో, మైకుకు అనుమతి లేక, ఆందోళనకారులు చేసిందిదే. సభా నివేదికల్లో మనకు దొరికేది వేదిక మీది మాట. వెనుకవారు విన్నది వేరై ఉండవచ్చు. 1928 నవంబరులో నంద్యాల సభలో, ‘దత్తమండలాల’కు బదులుగా చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’కు ఆ చిక్కు లేదు. అది ఒక్క మాట.